మొదటిసారి నేనే గేమింగ్ పీసీ అసెంబుల్ చేసుకుంటున్నా, ఈ లిస్టు ఒకసారి చూసి చెప్పండి

కొత్తరిగ్:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఒక పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే కీబోర్డు మీద వేళ్లు ఆనించలేనంత వేడెక్కుతోంది, ఆ వెంటనే ఫ్రేములు పడిపోతున్నాయి. అందుకే ఈసారి డెస్క్‌టాప్‌కి మారిపోదామనుకుంటున్నా. రెడీమేడ్ వద్దు, పార్టులు విడివిడిగా తెచ్చుకుని నేనే బిగించుకోవాలని ఉంది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మార్చడం, ఎస్ఎస్‌డీ వేయడం వరకు చేశాను. అంతకుమించి అనుభవం లేదు.

రోజూ సాయంత్రం ఫ్రెండ్స్‌తో ఆడేవి వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2. సెలవు రోజున ఒక్కడినే కూర్చుని సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేములు ఆడాలని కోరిక, ఆ ల్యాప్‌టాప్ మీద అది తీరలేదు. వీడియో ఎడిటింగ్, స్ట్రీమింగ్ లాంటివేమీ లేవు.

బడ్జెట్ మధ్యస్తం. చవకదీ కాదు, పెద్దదీ కాదు. అంకె చెబితే చర్చంతా ఈరోజు ఏది ఎంత అన్నదాని మీదకే పోతుంది కాబట్టి, మొత్తాన్ని 100 భాగాలు అనుకుని ఏ పార్టుకి ఎంత పెడుతున్నానో రాస్తున్నా.

ప్రాసెసర్: రైజెన్ 7 7700ఎక్స్. 27
కూలర్: 360 ఎంఎం లిక్విడ్ కూలర్. 9
మదర్‌బోర్డు: బీ650 చిప్‌సెట్‌లో పెద్ద మోడల్, వైఫై, లైట్లు అన్నీ ఉన్నది. 16
ర్యామ్: 16 జీబీ డీడీఆర్5, ఒకటే స్టిక్. తర్వాత ఇంకోటి కలుపుతా. 7
గ్రాఫిక్స్ కార్డు: ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. 24
ఎస్ఎస్‌డీ: 1 టీబీ ఎన్‌వీఎంఈ. 6
ఎస్‌ఎంపీఎస్: (పవర్ సప్లై) 600 వాట్స్, కొత్త కంపెనీ. 3
క్యాబినెట్: ముందు, పక్కన గ్లాసు, ఆరు ఆర్‌జీబీ ఫ్యాన్లు. 8

మానిటర్ ఇంట్లో ఉన్న 60 హెర్ట్జ్‌దే వాడేస్తా.

ప్రాసెసర్ బలంగా ఉంటే నాలుగేళ్లు దిగులుండదని దాని మీద ఎక్కువ పెట్టా. ఏ పార్టు మిగతావాటిని వెనక్కి లాగుతోందో చెప్పే ఒక బాటిల్‌నెక్ కాలిక్యులేటర్‌లో పెట్టి చూస్తే శాతాలేవో ఎర్రగా చూపించింది, అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి, తిట్టినా పర్లేదు.

స్క్రూడ్రైవర్_బాబాయ్:

తిట్టేంత ఏం లేదులే అబ్బాయ్. ముందు ఆ కాలిక్యులేటర్ మూసెయ్. ఏ గేమ్ ఆడుతున్నావో, ఏ రిజల్యూషన్‌లో ఆడుతున్నావో పట్టించుకోకుండా రెండు పార్టుల పేర్లు చూసి శాతం చెప్పే లెక్కకి అర్థం లేదు. నీ పీసీ ఒకటే అయినా కౌంటర్-స్ట్రైక్‌లో ప్రాసెసర్ దగ్గర ఆగుతుంది, సైబర్‌పంక్‌లో కార్డు దగ్గర ఆగుతుంది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడు. ఫ్రేములు పెరిగితే అడ్డం కార్డు. ఎంత తగ్గించినా అంకె కదలకపోతే అడ్డం ప్రాసెసర్. కాలిక్యులేటర్ అక్కర్లేదు.

నీ లిస్టులో పార్టులు విడివిడిగా చూస్తే, ఒక్క ఎస్‌ఎంపీఎస్ తప్ప, ఏదీ చెడ్డది కాదు. కలిపి చూస్తేనే కష్టం. ప్రాసెసర్, దాని కూలర్, దాని బోర్డు కలిసి 52 భాగాలు తినేశాయి. బొమ్మ గీసే కార్డుకి మిగిలింది 24. ఆఫీసు పనికి ఇలాంటి లిస్టు రాసినా ఒప్పుకుంటా, గేములకి ఒప్పుకోను.

అసలు నేను ఎవరికి లిస్టు రాసినా నువ్వు చివరి వాక్యంలో వదిలేసిన మానిటర్ దగ్గరే మొదలుపెడతా. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మని 16.7 మిల్లీసెకన్ల పాటు పట్టుకుని కూర్చుంటుంది. 144 హెర్ట్జ్ అయితే 6.9. వాలరెంట్‌లో నీ కొత్త పీసీ సెకనుకి 200 పైచిలుకు ఫ్రేములు తీసినా ఆ పాత తెర నీకు చూపించేది 60. రోజూ ఆడేది షూటర్లే కదా, డబ్బు పెట్టిన తేడా కంటికి కనపడాల్సింది అక్కడే. కాబట్టి 1080పీలో 144 హెర్ట్జ్‌కి తగ్గకుండా, ఫ్రీసింక్ (కార్డు తీసే ఫ్రేములకి తగ్గట్టు తెర వేగం మార్చుకోవడం) ఉన్న ఐపీఎస్ (రంగులు బాగా చూపే తెర రకం) మానిటర్‌ని కూడా లిస్టులోకి ఎక్కించు. లిక్విడ్ కూలర్‌కి రాసిన 9 భాగాలు దానికి ఇచ్చెయ్.

రిజల్యూషన్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1080పీ అంటే సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీ అంటే 36.9 లక్షలు, అంటే 78 శాతం ఎక్కువ. ప్రతి ఫ్రేముకీ అంత అదనపు పని. మన బడ్జెట్‌కి 1080పీ హాయిగా నడుస్తుంది, 1440పీ కొన్ని గేముల్లో లాగుతుంది, కొన్నిట్లో సెట్టింగులు దించుకోవాలి.

ఇప్పుడు ప్రాసెసర్. రైజెన్ 5 7600 తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. బాక్సులోనే కూలర్ వస్తుంది. 7700ఎక్స్‌కి రెండు కోర్లు ఎక్కువ, 105 వాట్లు, కూలర్ రాదు. ఈ తరగతి కార్డు పెట్టుకుని ఆడితే ఆ రెండు కోర్లు ఎక్కడ పనిచేస్తున్నాయో వెతుక్కోవాలి. నాలుగేళ్ల దిగులు అన్నావు చూడు, దానికి మందు ఈరోజు పెద్ద ప్రాసెసర్ కొనడం కాదు, సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 బోర్డులు 2017లో మొదటి రైజెన్‌తో కొన్నవాళ్లు, బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ అదే బోర్డు మీద పెట్టుకున్నారు. ఈ 7600 కూర్చునే ఏఎం5కి కూడా 2027 వరకు, ఆ పైన కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. మూడేళ్ల తర్వాత ఒక ఎక్స్3డీ చిప్ (అదనపు క్యాష్ మెమరీతో గేములకి బాగా పనికొచ్చే రకం) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పావుగంటలో మార్చేసుకుంటావు.

బోర్డు బీ650 చాలు, అందులోనూ సాదాదే. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండుండాలి, విద్యుత్ సర్క్యూట్ మీద లోహపు హీట్‌సింక్ ఉండాలి, వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మంచిది. ఆ బటన్ ఉంటే రేపు కొత్త ప్రాసెసర్ పెట్టినప్పుడు బోర్డు దాన్ని గుర్తుపట్టకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించొచ్చు. మిగతా లైట్లు, కవర్లు ఫ్రేము ఒక్కటి కూడా పెంచవు.

ర్యామ్ దగ్గర నువ్వు అనుకున్న పద్ధతి వద్దు. ఒక స్టిక్ పెడితే మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది, రైజెన్ మీద గేముల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. 16 జీబీవి రెండున్న కిట్ కొను. అంత కుదరకపోతే 8 జీబీవి రెండు. అప్పుడు కూడా 'తర్వాత ఇంకో రెండు కలుపుతా' అనుకోవద్దు, ఎందుకంటే నాలుగు స్టిక్కులు పెడితే 7000 సిరీస్‌కి ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్‌కి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె. స్పీడ్ 6000, సీఎల్30 అయితే ఆలస్యం 10 నానోసెకన్లు. సీఎల్36 అయితే 12. ధరలో తేడా కొంచెమే అయితే మొదటిది, బాగా ఉంటే రెండోది తీసుకుని ప్రశాంతంగా ఉండు.

కార్డు మీదకి 35 భాగాలు మళ్లించు. ఆ పరిధిలో చూడాల్సినవి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5060, ఇంటెల్ ఆర్క్ బీ580. నా ఓటు 9060 ఎక్స్‌టీలో 16 జీబీ రకానికి. 5060లో డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) బాగుంటుంది, కరెంటు కూడా తక్కువే, 145 వాట్లు. కానీ మెమరీ 8 జీబీ. ఈరోజు పెద్ద గేముల్లో టెక్స్‌చర్లు అల్ట్రాలో పెట్టి, రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంలా లెక్కగట్టడం) కూడా వేస్తే 8 జీబీ నిండిపోతుంది. నిండితే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అంకె మరీ పడిపోకపోవచ్చు, కానీ మధ్యమధ్యలో బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఆ కుదుపు నాకు తక్కువ ఫ్రేముల కంటే ఎక్కువ చిరాకు. బీ580లో 12 జీబీ ఉంది, మంచి కార్డే, కానీ దాని డ్రైవరు ప్రాసెసర్‌కి పని ఎక్కువ పెడుతుంది. నువ్వు రోజూ ఆడేవే ప్రాసెసర్ మీద ఆధారపడే గేములు కాబట్టి నీకు చెప్పను.

ఇక ఎస్‌ఎంపీఎస్. నీ లిస్టులో అది మేడిపండు వ్యవహారం. డబ్బా మీద 600 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని పక్కన అతికించిన లేబుల్ మీద ఒక పట్టిక ఉంటుంది చూడు, అందులో +12వీ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చదువు. దాన్ని 12తో గుణించు. 28 ఆంపియర్లు అని ఉందనుకో, 336 వాట్లు. ప్రాసెసరూ కార్డూ రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించి మొత్తం 600 చేస్తారు, వాటితో నీకు పనిలేదు. మంచి 650 వాట్ల యూనిట్ అయితే ఆ గడిలో 54 దాకా ఉంటుంది.

నీకు ఎంత కావాలో లెక్క కూడా తేలికే. 7600 గరిష్ఠంగా 88 వాట్లు, 16 జీబీ 9060 ఎక్స్‌టీ 160, బోర్డు, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 50 వేసుకో. దాదాపు 300. 550 వాట్లది సరిపోతుంది, 650 అయితే వచ్చేసారి పెద్ద కార్డుకి కూడా పనికొస్తుంది. బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తులు. గోల్డ్ అంటే సగం లోడు మీద 90 శాతం, బ్రాంజ్ అంటే 85. లోపల వాడిన కెపాసిటర్లు మంచివా కాదా అన్నది ఆ గుర్తు చెప్పదు. అందుకే గుర్తుతో పాటు వారంటీ ఎన్నేళ్లో చూడు. ఐదేళ్లకి తగ్గితే నేను తాకను.

ఎస్ఎస్‌డీ నువ్వు రాసిందే ఉంచు. పీసీఐఈ (బోర్డుతో డేటా మార్పిడి చేసే దారి) 4.0, టీఎల్‌సీ (మెమరీ రకం) అయితే చాలు. క్యాబినెట్‌కి ముందు గ్లాసు బదులు జాలీ ఉన్నది చూసుకో. గాలి లోపలికి వచ్చే దారిలో గ్లాసు పెట్టి ఆరు ఫ్యాన్లు బిగిస్తే లోపలి వేడి గాలినే అటూ ఇటూ తిప్పుతాయి. ముందు రెండు, వెనక ఒకటి, మూడు ఫ్యాన్లు చాలు.

మొత్తం: ప్రాసెసర్ 16, బోర్డు 11, ర్యామ్ 9, కార్డు 35, ఎస్ఎస్‌డీ 7, ఎస్‌ఎంపీఎస్ 8, క్యాబినెట్ 5, మానిటర్ 9. ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు ఊరికే ఎగిరి దూకుతుంటాయి కాబట్టి రెండు మూడు భాగాలు అటూ ఇటూ అవుతాయి. తగ్గించాల్సి వస్తే ర్యామ్‌ని ముందు తగ్గించు, ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం పోకు.

పాతకార్డు:

బాబాయ్ లిస్టు బాగుంది గానీ కొత్తవాళ్లందరినీ ఏఎం5లోకే తోసేయడం నాకు నచ్చదు. రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 3200 సీఎల్16 తీసుకుంటే ఆ మూడింటి మీద మిగిలే డబ్బుతో కార్డు ఒక మెట్టు పైది వస్తుంది. సీఎల్16 కూడా లెక్కేస్తే 10 నానోసెకన్లే. ఐదారేళ్ల తర్వాత ఎలాగూ మొత్తం మారుస్తాం అనుకునేవాడికి సాకెట్ భవిష్యత్తుతో ఏం పని?

ఆ దారిలో వెళ్తే ఒక్కటి చూసుకో బ్రో. 5500, 5600జీ కూడా పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, కాస్త చవకగానూ కనిపిస్తాయి. వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32. పైగా అవి పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతాయి. 5060 లాంటి కార్డులు ఎనిమిది లేన్లే (డేటా దారులే) వాడతాయి, కాబట్టి పాత స్లాట్‌లో పెడితే మెమరీ నిండినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బీ450 బోర్డుకి కూడా అదే సమస్య.

సెకండ్ హ్యాండ్ కార్డు ఆలోచన ఉంటే, జీటీఎక్స్ 1080 టీఐ, ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ ఎంత చవకగా ఇస్తామన్నా వదిలెయ్. వేగం ఇప్పటికీ ఉంది, కానీ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు అది లేకపోతే అసలు నడవవు. వేరేదేదైనా కొంటే అమ్మేవాడి ఎదురుగా అరగంట గేమ్ నడిపించి, ఫ్యాన్ చప్పుడు, తెర మీద చుక్కలు, గీతలు చూసి డబ్బివ్వు. వీడియో పంపిస్తా అంటే నమ్మొద్దు.

1440పీ గురించి బాబాయ్ చెప్పిన లెక్క నిజమే గానీ సగమే. డీఎల్ఎస్ఎస్, లేదా ఏఎండీది అలాంటిదే ఎఫ్ఎస్ఆర్, క్వాలిటీ మోడ్‌లో పెడితే కార్డు లోపల గీసేది 960పీయే. అంటే మామూలు 1080పీ కంటే తక్కువ పిక్సెళ్లు. 27 అంగుళాల 1440పీ తెర మీద ఆ బొమ్మ, 1080పీ తెర మీద బొమ్మ కంటే నా కంటికి శుభ్రంగా ఉంటుంది. మానిటర్ కార్డు కంటే ఎక్కువ కాలం ఉంటుంది, అందుకే నేనైతే అక్కడ ఇంకో మూడు భాగాలు పెడతా.

కేబుల్_అక్క:

కొనేదాని గురించి వాళ్లిద్దరూ కొట్టుకుంటారు గానీ, బిగించేటప్పుడు ఏడిపించే సంగతులు నేను చెప్తా తమ్ముడూ.

క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్ బిగించి ఒకసారి ఆన్ చేసి చూడు. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి కార్డు లేకుండానే మానిటర్‌లో బయోస్ వస్తుంది. పవర్ బటన్ ఉండదు కదా, బోర్డు కింది అంచున పీడబ్ల్యూఆర్ అని రాసున్న రెండు పిన్నులకి స్క్రూడ్రైవర్ మొన ఒక్క క్షణం ఆనిస్తే స్టార్ట్ అవుతుంది. ఏదైనా పార్టు పాడైనది వచ్చుంటే ఇక్కడే తెలిసిపోతుంది, అంతా బిగించాక విప్పే బాధ ఉండదు.

ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్ కింద కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. వేలు తగిలినా వంగుతాయి. ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీది గుర్తుతో కలిపి మెల్లగా దించు, నొక్కకు. లివర్ కిందకి లాగేటప్పుడు కొంచెం గట్టిగా పోతుంది, కిర్రుమంటుంది, అది మామూలే. పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వస్తుంది. దాన్ని పారెయ్యొద్దు, బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే అదే అడుగుతారు.

బాక్సు కూలర్ నాలుగు స్క్రూలతో బిగుస్తుంది. బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు తీసేస్తేనే అది కూర్చుంటుంది. ఏఎం4లో అవి విప్పగానే వెనక ప్లేటు కింద పడిపోయేది, ఏఎం5లో సాకెట్ దాన్ని పట్టుకునే ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. స్క్రూలు ఎదురెదురు మూలలు తీసుకుని కొంచెం కొంచెంగా తిప్పు. ఒక మూల పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే కూలర్ ఒక పక్కకి ఒరుగుతుంది. పేస్టు కూలర్ అడుగున ముందే పూసి ఉంటుంది, దాన్ని ముట్టుకోకు.

ర్యామ్ రెండు స్టిక్కులు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో. పక్కపక్కన పెట్టకు.

కేబుల్స్ దగ్గర రెండు జాగ్రత్తలు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నులదీ కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నులదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కాదు. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా విడిపోతుంది. బోర్డు ఎడమ పై మూలకి వెళ్లే కేబుల్‌ని బోర్డు బిగించకముందే రంధ్రంలోంచి లాగి ఉంచుకో, తర్వాత చెయ్యి పట్టదు. రెండోది, మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొంటే దాని పెట్టెలో వచ్చిన కేబుల్స్ తప్ప వేరేవి వాడకు. నాకు తెలిసినాయన ఎస్‌ఎంపీఎస్ మార్చి, ఎలాగూ చక్కగా సర్దుకున్నాను కదా అని పాత కేబుల్స్ అలాగే ఉంచాడు. ప్లగ్గు సరిపోయింది. ఆన్ చేయగానే ఎస్ఎస్‌డీలు పోయాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలన్న ప్రమాణం లేదు, కంపెనీకొక రకం. ఒకే కంపెనీలో మోడల్‌కొక రకం కూడా ఉంటుంది.

ఆన్ చేశాక తెర నల్లగా ఉంటే కంగారు పడకు. డీడీఆర్5కి మొదటిసారి మెమరీ ట్రైనింగ్ అని, బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకునే పని ఒకటి జరుగుతుంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చాలామంది ఆ మధ్యలోనే ప్లగ్గు పీకేసి, బోర్డు పోయిందని ఇక్కడికొచ్చి పోస్టు పెడతారు.

కొత్తరిగ్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, థాంక్స్ అందరికీ. లిక్విడ్ కూలర్, గ్లాసు క్యాబినెట్ రెండూ తీసేశా, కొంచెం బాధగానే. ఆ ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫోటో ఆన్‌లైన్‌లో వెతికి చూశా బాబాయ్ గారూ, 12 వోల్టుల గడిలో 25 ఆంపియర్లు. 300 వాట్లు! దాని మీద 600 ఎలా రాశారో.

ఇంకో మూడు అడుగుతా. 7600 బదులు 7500ఎఫ్ తీసుకుంటే కొంచెం మిగులుతుంది, ఆ మిగులు 1440పీ మానిటర్‌కి కలపొచ్చా? వాలరెంట్ విండోస్ 11లో ఏదో సెక్యూర్ బూట్ అడుగుతుందంటున్నారు, దానికి ప్రత్యేకంగా పార్టు కొనాలా? అన్నీ ఒకేసారి కొనాలా, లేక ఆఫర్ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి కొనిపెట్టుకోవచ్చా?

స్క్రూడ్రైవర్_బాబాయ్:

ముందు పాతకార్డుకి. క్వాలిటీ మోడ్‌లో 960పీ అన్నది ఒప్పుకుంటా. కానీ ఆ అప్‌స్కేలింగ్ కూడా ఊరికే రాదు, ప్రతి ఫ్రేముకీ కొంత సమయం తింటుంది, తెర రిజల్యూషన్ పెరిగే కొద్దీ మెమరీ వాడకం కూడా పెరుగుతుంది. 16 జీబీ కార్డు తీసుకుంటే నీ వాదన నెగ్గుతుంది, 8 జీబీ అయితే నాది. 5600 లిస్టు కూడా తప్పు కాదు, పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవాడికైతే నేనే అది చెప్తా. ఈ అబ్బాయి దగ్గర ఏమీ లేదు, అన్నీ కొత్తగా కొంటున్నాడు, అందుకే ఏఎం5.

7500ఎఫ్ గేముల్లో 7600కి దాదాపు సమానం. తేడా ఏంటంటే ఎఫ్ రకంలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అక్క చెప్పినట్టు కార్డు లేకుండా పరీక్షించడం కుదరదు, రేపు కార్డు వారంటీకి పోతే అది తిరిగొచ్చేదాకా పీసీ మూలన పడుంటుంది. మొదటి బిల్డ్‌కి నేను 7600నే చెప్తా. మానిటర్‌కి కావాలంటే ర్యామ్‌లో సీఎల్30 వదిలేసి సీఎల్36 తీసుకో, అదీ చాలకపోతే 1080పీతోనే వెళ్లు. 7500ఎఫ్‌లో పెట్టె, కూలర్ లేకుండా చిప్ ఒక్కటే అమ్మే 'ట్రే' రకం కూడా ఉంటుంది, కాబట్టి నువ్వు అనుకున్నంత మిగలకపోవచ్చు.

సెక్యూర్ బూట్‌కి పార్టేమీ అక్కర్లేదు. వాలరెంట్ యాంటీచీట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలవ్వాలన్న సెట్టింగు) రెండూ ఆన్‌లో ఉండాలంటుంది. టీపీఎం ప్రాసెసర్‌లోనే ఉంది, బయోస్‌లో ఎఫ్‌టీపీఎం పేరుతో కనిపిస్తుంది. సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగు) అన్నది ఆఫ్‌లో ఉంచి, డిస్కు జీపీటీలో (కొత్త విభజన పద్ధతి) ఉండేలా విండోస్ ఎక్కించు. విండోస్ ఎక్కించే ముందే ఇది సరిచూసుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు. అదే బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్యి. చెయ్యకపోతే నువ్వు 6000కి డబ్బిచ్చిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది, ఎవరూ నీకు చెప్పరు. విండోస్ వచ్చాక డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు చేత్తో మార్చు. 144 మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడినవాళ్లని చూశాను. ఇంకా అన్యాయం, మానిటర్ కేబుల్ కార్డుకి కాకుండా బోర్డు వెనక పోర్టుకి పెట్టి, ఫ్రేములు రావట్లేదని కార్డుని తిట్టేవాళ్లు.

ఆఫర్ల కోసం ఒక్కొక్కటి కొనిపెట్టుకోవడం మాత్రం వద్దు. బోర్డు ఇప్పుడు కొని ప్రాసెసర్ రెండు నెలలకి కొంటే, బోర్డు పాడైనది అని తెలిసేసరికి దాన్ని మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ నాలుగూ ఒకే వారంలో చేతికొచ్చేలా కొని అట్ట మీద పెట్టి పరీక్షించు. క్యాబినెట్, మానిటర్ ముందు కొన్నా పర్లేదు. కార్డు చివర్లో కొను, ఎందుకంటే పెద్ద ఖర్చు దానిదే, ధర కూడా కదులుతుంటుంది, 7600 ఉంటే ఈలోపు విండోస్ ఎక్కించుకుని కూర్చోవచ్చు.

కార్డు ఆర్డర్ పెట్టేటప్పుడు పేరు మాత్రమే చూసి నొక్కకు. 9060 ఎక్స్‌టీ 8 జీబీలోనూ ఉంది, 16లోనూ ఉంది, పేరు ఒకటే. 5060 టీఐది కూడా అదే తంతు. ఇంకా కార్డు పొడవు మిల్లీమీటర్లలో చూసి నీ క్యాబినెట్ వివరాల్లో గరిష్ఠం ఎంత రాశారో పోల్చు, మూడు ఫ్యాన్ల రకాలు చిన్న క్యాబినెట్లలో పట్టవు. క్యాబినెట్ మోడల్ ఏదో తేల్చుకున్నాక ఇక్కడే రాయి, చూసి చెప్తా.